మందుతో పాటు ఒక మాట
(ప్రసంగ పాఠము)

అనంతపురము మెట్టనేలలో ఇద్దరు కలిసికొన్నచో మొదట వచ్చు మాట వాన. తరువాత వచ్చు మాట నొప్పి. వాన పడినదా అని ఒకరడిగిన, మోకాళ్ళు ఎట్లున్నవని మరియొకరడుగుదురు. వానను గురించి ఎవరిని అడిగియు ప్రయోజనము లేదు. నొప్పికి మాత్రము చాలమంది ఒకే చోటికి పోవుచున్నారు. అది వైద్యశాల కాదు. బస్సు దిగిన చోటనే, కూడలిలో, దీపములు వెలుగుచుండు మందుల అంగడి. ఆ అంగడిని గురించి, అందులో నిలుచుండు ఫార్మసిస్టును గురించి ఈనాడు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

ఈ సీమ స్థితి శ్రోతలకు క్రొత్తది కాదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే ఇక్కడ కురియును. నైరుతి ఋతుపవనమునకు పడమటి కనుమలు అడ్డము. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరము నుండి ఇంత దూరము వచ్చునప్పటికి దాని బలము ఉడిగిపోవును. 2022 ఏప్రిల్ నెలలో పాత జిల్లా అనంతపురము, శ్రీ సత్యసాయి అను రెండు జిల్లాలైనది. జిల్లాలు రెండైనను నేల ఒక్కటే, వేరుశనగ చేను ఒక్కటే, కరువు ఒక్కటే. ఇట్టి చోట కూలివానికి జబ్బు చేసినచో వైద్యుని యొద్దకు పోవుట యనగా ఒక దినపు కూలి పోవుట, బస్సు చార్జీ పోవుట, వరుసలో నిలుచుండుట. మందుల అంగడికి ఇవేవియు అక్కరలేదు. అక్కడ చూపించుకొనుటకు రుసుము లేదు. అంగడిలోని మనిషి తెలిసినవాడు. రాత్రి తొమ్మిదికి పోయినను తలుపు తెరచియుండును. చేతిలో దుడ్లు లేకున్న రేపు ఇమ్మనును. అందువలన పల్లెవానికి తొలి వైద్యశాల మందుల అంగడియే యగుచున్నది.

మా ఆరోగ్య కార్యక్రమములకు వచ్చు ప్రశ్నలే ఇందుకు సాక్ష్యము. శ్రోతలు మమ్ము జబ్బును గురించి అడుగుట తక్కువ. బిళ్ళను గురించి అడుగుట ఎక్కువ. ఫలాని బిళ్ళ ఎన్నాళ్ళు మింగవచ్చును, రెండు రకముల బిళ్ళలు కలిపి మింగిన ప్రమాదమా, పాలతో మింగవలెనా నీళ్ళతో మింగవలెనా – ఇట్టివి. ఈ ప్రశ్నలన్నియు నిజమునకు అంగడిలో అడుగవలసినవి. అక్కడ అడుగుటకు వీలు లేకనో, అడిగినను బదులు రాకనో అవి మా యొద్దకు వచ్చుచున్నవి. ఈ సంగతి తెలిసికొందమని ఒక వేసవి సాయంకాలము మేము కళ్యాణదుర్గము దారిలో ఒక చిన్న ఊరి మందుల అంగడిలో రెండు గంటల సేపు కూర్చుంటిమి. అంగడి యజమాని డిప్లొమా చదివిన ఫార్మసిస్టు, నడివయస్సువాడు.

ప్రొద్దు గూకు వేళకు ఒక ముసలమ్మ వచ్చినది. చీర కొంగు ముడి విప్పి ఇరువది రూపాయలు బల్లపై పెట్టి, "నాయనా, ఆ నొప్పి బిళ్ళలు పది ఇయ్యప్పా" అన్నది.

అతడు బిళ్ళలు తీయలేదు. "అవ్వా, రోజుకు ఎన్ని మింగుతాండావు?" అని అడిగెను.

"పొద్దున ఒగటి, రాత్రికి ఒగటి. చేన్లో పనుంటే మధ్యాన్నం ఇంగొగటి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"శివరాత్రి నుంచి."

మేము లెక్క వేసికొంటిమి. అది వైశాఖ మాసము.

"నీళ్ళు బాగా తాగుతాండావా? ఒంటికి సరిగా పోతాండావా? బీపీ బిళ్ళ ఏమైనా మింగుతాండావా?" అని అతడు మరల అడిగెను. ఆస్పత్రిలో ఇచ్చిన బీపీ బిళ్ళ మింగుచున్నానని, చేనిలో నీళ్ళు ఎక్కడివని, ఒంటికి తక్కువగానే పోవుచున్నదని ఆమె చెప్పినది.

"అయితే ఈ బిళ్ళలు ఇంక నేనియ్యనవ్వా. నీ మూత్రపిండాలు చెడిపోతాయి. రేపు పెద్దాస్పత్రికి పోయి రక్తం చూపించుకో. అంతవరకు ఈ తెల్లబిళ్ళ చాలు" అని అతడు పారాసిటమాల్ బిళ్ళలు చేతిలో పెట్టబోయెను.

ముసలమ్మకు కోపము వచ్చినది. "దుడ్లిచ్చి కొనేదానికి నీకేమప్పా నొప్పి? బేరం వద్దంటే వద్దని చెప్పు" అని రూపాయలు తీసికొని, రోడ్డు దాటి ఎదుటి అంగడికి పోయినది. రెండు నిమిషములలో పొట్లముతో బయటికి వచ్చినది. మేమందరము చూచుచునే యుంటిమి.

ఫార్మసిస్టు కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "నాకు పోయినది మూడు రూపాయల లాభము. అది పెద్దది కాదు. ఆమెకు చెప్పవలసిన మాట సగములోనే ఆగిపోయినది" అని అన్నాడు.

శ్రోతలారా, నేటి ఔషధ విక్రయ వృత్తిలోని చిక్కంతయు ఆ సాయంకాలము మా కన్నుల ఎదుట నిలిచినది. ఒక అంగడిలో నిజము చెప్పిన, ఎదుటి అంగడిలో అబద్ధము అమ్ముడుపోవును. కాబట్టి ఇది ఒక్క మనిషి మంచితనముతో తీరు సమస్య కాదు. ఊరిలోని అంగళ్ళన్నియు ఒకే మాట చెప్పవలెను. ఆ మాట ఏది, దానిని చెప్పుటకు అడ్డు ఏది, దారి ఏది అన్నదే మా ప్రసంగ విషయము.

మొదట ఆ నొప్పి ఎక్కడి నుండి వచ్చినదో చూతము. ఈ సీమలో బావులు ఎండి, బోర్లు లోతునకు పోయిన కొలది అనేక గ్రామముల నీటిలో ఫ్లోరైడు పాలు హెచ్చుగా కానవచ్చినది. త్రాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చుననియు, వేరు నీరు లేనిచోట ఒకటిన్నరకు మించరాదనియు మన దేశపు ప్రమాణము. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లపై గారలు పడును, ఎముకలు, కీళ్ళు బిగిసికొనును, నడుము వంగిపోవును. ఈ వ్యాధిని మన దేశములో మొదట గుర్తించి లోకమునకు తెలిపినది తెలుగు నేల పైననే. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు ఆనాటి నెల్లూరు జిల్లాలోని రోగులను పరీక్షించి దీనిని ప్రకటించిరి. అనంతపురము జిల్లాలో 1990ల నడుమ శ్రీ సత్యసాయి తాగునీటి పథకము 700కు పైగా గ్రామములకు నీరందించినది. మంచినీరు వచ్చుట వలన క్రొత్త తరమునకు మేలు కలిగినది. కాని బిగిసిన కీళ్ళు మరల సడలవు. దీనికి తోడు వేరుశనగ చేనిలో వంగి కలుపు తీయుట, కాయ పెరుకుట, రాళ్ళ పని, ధర్మవరపు మగ్గముల గుంటలలో కూర్చుండుట. ఇన్నింటికి కలిపి మన జనము కనిపెట్టిన ఒకే పరిహారము నొప్పి బిళ్ళ.

ఇక ఆ బిళ్ళ పని చేయు విధము వినుడు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మందులు శరీరములో ప్రోస్టాగ్లాండిన్లు అను పదార్థముల పుట్టుకను అడ్డగించును. నొప్పిని, వాపును కలిగించునవి ఇవే కావున నొప్పి తగ్గును. కాని వీనికి మరియొక పని కూడ కలదు. ఒంటిలో నీరు తగ్గినపుడు మూత్రపిండములకు రక్తము తెచ్చు సన్నని నాళములు ముడుచుకొనిపోకుండ విప్పియుంచునవి కూడ ఇవే. మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో, నీళ్ళు లేని చేనిలో చెమట క్రక్కు మనిషి ఈ బిళ్ళ మింగిన ఏమగును? ఎండిన కాలువకు ఉన్న ఒక్క తూమును మూసినట్లగును. కొన్ని రకముల బీపీ మందులు, మూత్రమును హెచ్చించు మందులు కూడ దీనికి తోడైనచో ప్రమాదము మరింత పెరుగును. ఒక దినము, రెండు దినములు మింగినవారందరకు ఇట్లగునని మేము భయపెట్టుట లేదు. నెలల తరబడి, వైద్యుని మాట లేకుండ, నీళ్ళు లేని ఒంటితో మింగుటయే ముప్పు. ఆ ఫార్మసిస్టు ముసలమ్మను అడిగిన ప్రశ్నలు – ఎన్ని, ఎన్నాళ్ళు, నీళ్ళెన్ని, వేరు మందులేవి – ఊరక అడిగినవి కావు. ప్రతి ప్రశ్న వెనుకను శాస్త్రము కలదు.

ఇట్లు ప్రశ్నించుటకు అతనికి హక్కు కలదా? హక్కు మాత్రమే కాదు, చట్టము విధించిన బాధ్యతయు కలదు. 1930లో ప్రభుత్వము రామనాథ చోప్రా గారి అధ్యక్షతన ఔషధ విచారణ సంఘమును నియమించినది. నకిలీ మందులు, నాసిరకపు మందులు దేశములో యథేచ్ఛగా అమ్ముడగుటను ఆ సంఘము బయటపెట్టినది. దాని ఫలముగా 1940లో ఔషధముల చట్టము, 1945లో దాని నియమములు, 1948లో ఫార్మసీ చట్టము వచ్చినవి. అంతకు ముందే 1932లో మహాదేవలాల్ ష్రాఫ్ గారు కాశీ హిందూ విశ్వవిద్యాలయములో ఈ విద్యకు పునాది వేసిరి. మన ఆంధ్ర విశ్వవిద్యాలయములో 1951లో ఔషధశాస్త్ర శాఖ వెలసినది. వైద్యుడు వ్రాసిన చీటి ననుసరించి మందు కలుపుట, ఇచ్చుట రిజిస్టరైన ఫార్మసిస్టు పనియేనని 1948 చట్టములోని 42వ విభాగము నిర్దేశించుచున్నది. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు, రోగికి మందును గురించి వివరించి చెప్పుట కూడ ఫార్మసిస్టు విధి యని స్పష్టము చేసినవి. 2008లో ఫార్మ్.డి. అను ఆరేండ్ల చదువు మన దేశములో ప్రారంభమైనది. ఆస్పత్రి వార్డులో రోగి ప్రక్కన నిలిచి నేర్చు చదువు అది. మన అనంతపురములోనే జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము క్రింద తైల సాంకేతిక, ఔషధ పరిశోధన సంస్థ కలదు. చదువునకు కొరత లేదు.

మరి కొరత ఎక్కడ? వెనుకటి కాలపు కాంపౌండరును మీలో పెద్దవారు ఎరుగుదురు. కల్వములో మందు నూరుట, సీసాలో మిక్చరు పోయుట, సీసా ప్రక్కన కాగితపు గళ్ళు అంటించి పూటకు ఒక గడి త్రాగుమని చెప్పుట అతని పని. తన చేతితో చేసి యిచ్చెను గనుక మాట కూడ చెప్పెడివాడు. పిమ్మట మందులు కర్మాగారములలో తయారై, అట్టపెట్టెలలో వచ్చుచున్నవి. చేతికి పని పోయినది. చేతి పనితో పాటు నోటి మాట కూడ పోయినది. ఈనాడు అనేకచోట్ల సర్టిఫికెట్టు గోడకు వ్రేలాడుచుండును. దాని సొంతదారు అంగడిలో ఉండడు. బల్ల వెనుక నిలుచుండువాడు పదో తరగతి చదివిన కుర్రవాడు. వానికి పెట్టె ఏ అరలో నున్నదో తెలియును. అందలి మందు రోగి కడుపులో ఏమి చేయునో తెలియదు.

దీనికి ఆర్థిక కారణము కూడ కలదు. ధరల నియంత్రణలో ఉన్న మందులపై చిల్లర వర్తకునికి నూటికి పదునారు వంతున లాభమును 2013 నాటి ధరల ఉత్తర్వు నిర్ణయించినది. అమ్మినచో ఆ లాభము వచ్చును. అమ్మకుండ పది నిమిషములు కూర్చుండబెట్టి హితవు చెప్పినచో ఏమియు రాదు. అనేక దేశములలో ఫార్మసిస్టు చెప్పు సలహాకు, వేయు టీకాకు, చూచు రక్తపోటుకు ప్రతిఫలము ఏర్పరచిరి. మన దేశములో మాటకు వెల లేదు, బిళ్ళకే వెల. ఈ లెక్క మారనంత వరకు నిజము చెప్పువాడు నష్టపోవుచునే యుండును. పట్టణములలో ఇంటికే మందు తెచ్చియిచ్చు అంతర్జాల విక్రయశాలలు వచ్చి, ధర తగ్గించి, చిన్న అంగడివాని బేరమును మరింత లాగుకొనుచున్నవి. వీనికొరకు 2018లో కేంద్ర ప్రభుత్వము ముసాయిదా నియమములు ప్రకటించినది. ఆ సంవత్సరమే మందుల వర్తకులు దేశమంతట ఒక దినము అంగళ్ళు మూసి నిరసన తెలిపిరి. కాని ఇంటికి పొట్లము చేర్చువాడు, "అవ్వా, నీళ్ళు తాగుతాండావా" అని అడుగడు. ఊరి అంగడివానికి మిగిలిన బలము ఇదొక్కటే. దానిని అతడు విడిచినచో పోటీలో నిలుచుటకు వేరు ఆధారము లేదు.

నొప్పి బిళ్ళ తరువాత చెప్పవలసినది క్రిమినాశకములైన యాంటీబయాటిక్కులను గురించి. ఈ విషయమున తెలుగువారికి గర్వకారణమొకటి కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా ఉన్న కాలముననే టెట్రాసైక్లిన్ జాతికి మొదటిదైన ఆరియోమైసిన్ వెలువడినది. అది 1948, ఆ యేటనే ఆయన కన్నుమూసిరి. అట్టి దివ్యౌషధములను మనము జలుబుకు, వేడికి, ఒళ్ళు నొప్పికి వాడి మొద్దుబార్చుచున్నాము. దుడ్లు చాలక ఐదు దినముల మందును రెండు దినములకే కొనుట పల్లెలలో పరిపాటి. సగము చచ్చిన క్రిమి మరల లేచునపుడు ఆ మందుకు లొంగదు. ఇందుకే 2014 మార్చి 1 నుండి హెచ్-1 షెడ్యూలు అమలులోనికి వచ్చినది. అందులోని మందులను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదు; అమ్మినపుడు రోగి పేరు, వైద్యుని పేరు, మందు పరిమాణము ప్రత్యేక పుస్తకములో వ్రాసి మూడేండ్లు భద్రపరచవలెను. 2016లో కేంద్ర ప్రభుత్వము మందు పట్టీపై ఎర్రగీతను గుర్తుగా ప్రచారము చేసినది. ఎర్రగీత ఉన్న మందును వైద్యుని మాట లేనిదే కొనరాదు. చదువు రానివారు కూడ గుర్తించగల గుర్తు ఇది, దయచేసి జ్ఞాపకముంచుకొనుడు.

క్షయ విషయమున అంగడివాని స్థానము మరింత గొప్పది. రెండు వారములకు మించిన దగ్గుతో మనిషి మొదట పోవునది దగ్గుమందు కొరకు అంగడికే. ఆ క్షణమున సీసా చేతికిచ్చి పంపినచో నెలలు గడచిపోవును, ఇంటిల్లిపాదికి అంటుకొనును. "కఫము పరీక్ష చేయించుకో, ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్షయు ఉచితమే, మందులును ఉచితమే" అన్న ఒక్క మాటతో ఒక ప్రాణము, ఒక కుటుంబము నిలుచును. క్షయ మందులు అమ్మినపుడు ఆ రోగి వివరములు ప్రభుత్వమునకు తెలుపవలసిన బాధ్యతను 2018 మార్చి నెలలో ఔషధ విక్రేతలపై కూడ ఉంచిరి. దీనిని భారముగా తలచువారు కలరు. మా అభిప్రాయమున ఇది గౌరవము. వైద్యునితో పాటు ఫార్మసిస్టును కూడ ప్రజారోగ్య రక్షకునిగా ప్రభుత్వము లెక్కించినదన్నమాట.

మందుల ధర కూడ మన ప్రాంతమున చిన్న విషయము కాదు. ఒకే మందు పలు కంపెనీల నుండి పలు పేర్లతో, పలు ధరలతో వచ్చును. మందు అసలు పేరుతోనే తక్కువ వెలకు అమ్ముటకై 2008లో జన ఔషధి పథకము ప్రారంభమైనది. 2023 నవంబరులో పదివేలవ కేంద్రము తెరవబడినది. అయినను "చవకబిళ్ళ పని చేయదు" అను అనుమానము మన పల్లెలలో తొలగలేదు. ఆ అనుమానమును తీర్పగలవాడు ఫార్మసిస్టే. అసలు పేరు తెలియకపోవుటలో ఖర్చే కాదు, ప్రమాదము కూడ కలదు. జ్వరమునకు ఒక పేరుతో, జలుబుకు మరియొక పేరుతో, ఒళ్ళు నొప్పికి ఇంకొక పేరుతో కొన్న మూడు బిళ్ళలలోను పారాసిటమాలే యుండవచ్చును. పెద్దవారికి దినమునకు నాలుగు గ్రాములకు మించరాని ఆ మందు తెలియకయే మించిపోయిన కాలేయమునకు హాని. పట్టీపై చిన్న అక్షరములలో ఉన్న ఆ పేరును చదివి చెప్పువాడు ఒకడు ఊరిలో ఉండవలెను కదా!

ఎండ మనుష్యులకే కాదు, మందులకు కూడ శత్రువు. వాడని ఇన్సులిన్ సీసాను 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో ఉంచవలెను. రేకుల కప్పు క్రింద, కరెంటు వచ్చుచు పోవుచు నుండు చోట అది ఎట్లు సాధ్యము? రెఫ్రిజిరేటరు లేని ఇంటివారికి మన కుమ్మరి కుండయే దిక్కు. వాడుకలో ఉన్న సీసాను నీరు తగులకుండ ఒక డబ్బాలో పెట్టి, తడి ఇసుకలో నిలిపిన కుండలో నీడపట్టున ఉంచినచో బయటి వేడి కన్న కొన్ని డిగ్రీలు తక్కువగా నుండును. గడ్డకట్టు చోట ఇన్సులిన్‌ను ఉంచరాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. అంగడి నుండి ఇంటికి బస్సులో పోవునపుడు కిటికీ ప్రక్క ఎండలో పెట్టరాదు. ఇంత చిన్న సంగతులు చెప్పనందువలన డబ్బు పోసి కొన్న మందు నీళ్ళవలె నిష్ఫలమగుచున్నది. చక్కెర ఏల తగ్గలేదో తెలియక రోగి మందు మోతాదు పెంచుకొనుచున్నాడు.

వడదెబ్బకు, విరేచనములకు ఇచ్చు ఓ.ఆర్.ఎస్. పొడి కూడ ఇట్టిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో స్థిరపరచిన సూత్రము ప్రకారము లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సిట్రేటు 2.9 గ్రాములు. ఈ కొలత తప్పి చక్కెర హెచ్చినచో విరేచనములు తగ్గుటకు బదులు పెరుగును. అయినను ఆ పేరును తగిలించుకొన్న తియ్యని పానీయములు చాలకాలము అంగళ్ళలో అమ్ముడైనవి. హైదరాబాదుకు చెందిన శిశువైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏండ్ల తరబడి దీనిపై పోరాడిరి. తుదకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ, ఆ సూత్రమునకు సరిపడని పానీయములపై ఓ.ఆర్.ఎస్. అను మాటను వాడరాదని ఉత్తర్వు చేసినది. ఒక తెలుగు వైద్యురాలి పట్టుదల దేశమంతటికిని మేలు చేసినది. కాని ఉత్తర్వు ఢిల్లీలో వెలువడును. పొట్లము మన ఊరి బల్లపై చేతులు మారును. ఆ బల్ల దగ్గర ఏది ఇయ్యవలెనో ఎరిగిన మనిషి లేకున్న ఉత్తర్వు కాగితముననే యుండును.

కరువు సీమకు మరియొక కష్టము వలస. వానలు తప్పిన యేట కుటుంబములు బెంగుళూరుకు, కేరళకు కూలికి పోవును. బీపీ మందు, చక్కెర మందు, మూర్ఛ మందు దారిలో ఆగిపోవును. మందు పట్టీ చిరిగిపోయిన తరువాత మరియొక రాష్ట్రములో "ఎర్ర బిళ్ళ, చిన్నది" అని అడిగిన ఎవరు ఇయ్యగలరు? మేము చూచిన ఆ ఫార్మసిస్టు దీనికొక సులువైన ఉపాయము చేసినాడు. వలస పోవువారికి దళసరి అట్టముక్కపై మందు అసలు పేరు, మోతాదు, వ్రాసిన వైద్యుని పేరు వ్రాసి ఇచ్చును. చదువు రానివారి పొట్లముపై ప్రొద్దుటి బిళ్ళకు సూర్యుని, రాత్రి బిళ్ళకు చంద్రుని బొమ్మ గీయును. ఇందుకు అతనికి అయిన ఖర్చు ఒక కలము, కొంత ఓపిక.

కాబట్టి మేము చెప్పదలచినది ఒక్క మాటలో చెప్పవచ్చును. ఈ మెట్టనేలలో వైద్యులు ప్రతి పల్లెకు ఇప్పుడే రాలేరు. బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు ఆస్పత్రి వంటివి, ప్రభుత్వ ఆస్పత్రులు ఎంత సేవ చేసినను దూరము దూరమే. ఇప్పటికే ఊరిలో ఉన్నవాడు, చదివినవాడు, జనము నమ్మినవాడు ఫార్మసిస్టు. అతనిని వట్టి వర్తకునిగా వదలివేయుట మన నష్టము. అతనిచే బీపీ చూపించవచ్చును, క్షయ అనుమానమును పట్టించవచ్చును, మూత్రపిండములను కాపాడించవచ్చును. అందుకు ప్రభుత్వము అతని మాటకు వెల కట్టవలెను; తనిఖీ అధికారులు గోడపైని సర్టిఫికెట్టును కాక బల్ల వెనుక మనిషిని చూడవలెను; కళాశాలలు తమ విద్యార్థులను నగరపు కంపెనీలకే కాక మన కూడలి అంగళ్ళకు కూడ పంపవలెను.

శ్రోతలకు కూడ ఒక విన్నపము. అంగడిలో మందు కొన్నపుడు ఐదు ప్రశ్నలు అడుగుడు: దీని అసలు పేరేమి? ఎందుకు? ఎన్ని దినములు? నేను వాడు ఇతర మందులతో కలియునా? ఏమి కనబడినచో ఆపి ఆస్పత్రికి పోవలెను? బదులు చెప్పలేని అంగడిని వదలి, బదులు చెప్పు అంగడికి పొండు. అతడు మందు ఇయ్యనని చెప్పినచో కోపగించుకొనక కారణమడుగుడు. బేరము వదలుకొని మీ మేలు కోరువాడు సామాన్యుడు కాడు.

వానలు మొదలైన పిదప మేము మరల ఆ దారిన పోవుచు ఆ అంగడి దగ్గర ఆగితిమి. ముసలమ్మ సంగతి అడిగితిమి. ఫార్మసిస్టు నవ్వెను. ఆ మరునాడే తాను రోడ్డు దాటి ఎదుటి అంగడివానితో కూర్చుండి మాటలాడితినని, నొప్పి బిళ్ళల విషయములో ఇద్దరును అవే ప్రశ్నలు అడుగవలెనని ఒప్పుకొంటిమని చెప్పెను. మొదట బేరము కొంత తగ్గినదట; తరువాత జనమునకు అలవాటైనదట. ముసలమ్మ ఆస్పత్రికి పోయి రక్తము చూపించుకొన్నది. మూత్రపిండములు కొంత దెబ్బ తిన్నవని, నొప్పి బిళ్ళలు పూర్తిగా మానుమని వైద్యుడు చెప్పెనట. ఇప్పుడామె నొప్పికి తైలము రాచుకొని, చేనికి నీళ్ళ బుడ్డి తీసికొని పోవుచున్నది. అయినను అంగడికి వచ్చినప్పుడెల్ల సణుగుకొనునట: "యాడికి పోయినా అదే మాట అడుగుతారే ఈ ఊర్లో!"

ప్రతి ఊరిలోను మన అవ్వలు ఇట్లే సణుగుకొను దినము రావలెనని మా కోరిక.